ఫోటో వెనకాల పేరు



ఈవేళ ఫోటోల గురించీ, పాడే బొమ్మల గురించీ మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. "వంటలూ పిల్లల పెంపకమూ మాని ఇదేం విషయమమ్మా!" అని నవ్వుకోకండి. ఈ రెండు విద్యలూ మన వంటింటికి ఎంత దగ్గర చుట్టాలో, వీటిలో మన ఆడవాళ్ల చేతి కష్టం ఎంత వుందో విన్నాక మీరే "నిజమే సుమా" అంటారు.

ఫోటోగ్రఫీ పుట్టింది ఫ్రాన్సు దేశంలో. డాగురే అనే ఆయన కనిపెట్టిన పద్ధతిని 1839 ఆగస్టులో పారిస్ నగరంలో లోకానికి వెల్లడి చేశారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడేది. ఒక్క బొమ్మకు ఒక్కటే రేకు. రెండో ప్రతి కావాలంటే కుదరదు. పైగా మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. మెడ వెనకాల ఇనుప పట్టకారు లాంటిది ఆనించి తల నిలబెట్టేవారట. పాత ఫోటోల్లో మనవాళ్లందరూ బిగుసుకుపోయి, కోపంగా వున్నట్టు కనిపిస్తారు చూడండి, అది కోపం కాదు, కదిలితే బొమ్మ చెదిరిపోతుందన్న భయం.

తర్వాత గాజు పలకల పద్ధతి వచ్చింది. 1851లో ఇంగ్లండులో ఆర్చర్ అనే ఆయన దీన్ని బయట పెట్టాడు. గాజు పలకకు జిగురు మందు పూసి, వెండి ద్రావకంలో ముంచి, ఆ తడి ఆరకముందే బొమ్మ తియ్యాలి, తడి ఆరకముందే కడగాలి. అందుకని ఫోటోగ్రాఫరు ఎక్కడికి వెళ్లినా చీకటి డేరా, సీసాలు, నీళ్లు, గాజు పలకలూ అన్నీ బండి మీద వేసుకుని వెళ్లవలసిందే. మన ఎండల్లో తడి ఎంతసేపు నిలుస్తుందో నేను చెప్పాలా?

ఇక ఆ గాజు పలక నుంచి కాగితం మీదకు బొమ్మ దించడానికి ఏం వాడారో తెలుసా? కోడిగుడ్డు తెల్లసొన! ఇది 1850లో వచ్చిన పద్ధతి. తెల్లసొనలో ఉప్పు కలిపి, నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, నిలవ వుంచి, తేటగా వడగట్టి, కాగితానికి పూసి ఆరబెట్టేవారు. ఆ కాగితాన్ని వెండి ద్రావకం మీద తేల్చి, గాజు పలక కింద పెట్టి, అప్పడాలు ఎండబెట్టినట్టు ఎండలో పెడితే బొమ్మ దిగేది. జర్మనీలో డ్రెస్డెన్ అనే వూళ్లో ఈ కాగితం తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు వుండేవి. ఏడాదికి లక్షల కొద్దీ గుడ్లు అక్కడ పగిలేవి. సొన వేరు చేసే పని అంతా ఆడపిల్లలదే. అప్పటి రాజుల ఫోటోల మీద కనిపించే ఆ నిగనిగ వుందే, అది ఆ పేరు తెలియని ఆడపిల్లల చేతి చలవే.

పేరు తెలియని అన్నాను కదా, ఈవేళ నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఆ మాటలోనే వుంది.

ఇంగ్లండులో అన్నా అట్కిన్స్ అనే ఆవిడ వుండేది. తండ్రి శాస్త్రజ్ఞుడు. ఆవిడకు సముద్రపు నాచు మొక్కలంటే ఇష్టం. ఆ మొక్కల్ని మందు పూసిన కాగితం మీద పరిచి, ఎండలో పెట్టి, నీళ్లలో కడిగితే నీలం రంగు మధ్య తెల్లగా మొక్క ఆకారం నిలిచేది. అలా స్వహస్తాలతో బొమ్మలు దించి 1843లో పుస్తకంగా కూర్చడం మొదలుపెట్టింది. ఫోటోలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదేనని ఈనాడు అందరూ ఒప్పుకుంటున్నారు. అయితే ఆవిడ పుస్తకంలో తన పేరు పూర్తిగా రాసుకోలేదు. "ఎ.ఎ." అని పొడి అక్షరాలు మాత్రం వేసింది. తర్వాత దాన్ని చూసిన ఒక పెద్దమనిషి ఆ అక్షరాలకు "అనామకుడైన అమెచ్యూరు" అని అర్థం చెప్పుకున్నాడు! ఆడమనిషి అయి వుంటుందన్న వూహే రాలేదన్నమాట.

సరే, మన దేశానికి వద్దాం. మన తెలుగు జిల్లాలు చాలా భాగం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో వుండేవి. మద్రాసులో 1856లోనే ఫోటోగ్రఫీ సంఘం పెట్టారు. అదే ఏడు లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా నియమించారు. ఆయన బండ్ల మీద సామాను వేసుకుని మధుర, తంజావూరు, శ్రీరంగం తిరిగి గుళ్లను ఫోటోలు తీశాడు. మనకు ముఖ్యమైంది మరొకటి వుంది. 1845లో గుంటూరు సీమ అమరావతిలో వాల్టర్ ఎలియట్ అనే దొర స్తూపం దగ్గర తవ్వించి, పాలరాయి లాంటి శిల్పాలను మద్రాసుకు పంపించాడు. అక్కడ ఎండావానల్లో పడి వున్న ఆ శిల్పాలను 1858లో ట్రైప్ ఒక్కొక్కటిగా ఫోటోలు తీశాడు. మరుసటి ఏడే వాటిలో చాలా భాగం ఓడ ఎక్కి లండన్ వెళ్లిపోయాయి. రాళ్లు మనకు తిరిగి రాలేదు. అవి మన గడ్డ మీద వున్నప్పటి రూపం మాత్రం ఆ ఫోటోల్లో నిలిచింది. ఫోటో అంటే సరదా వస్తువు మాత్రమే కాదని, పోయినదానికి అది సాక్ష్యమని ఇంతకంటే వేరే చెప్పాలా?

అటు నైజాములో సంగతి చూడండి. రాజా దీన్ దయాళ్ పేరు మీలో కొందరైనా విని వుంటారు. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్దానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్ సంస్థానంలో ఉద్యోగం చేస్తూ ఫోటోలు నేర్చుకున్నాడు. తర్వాత హైదరాబాదు చేరి ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. నిజాము ఆయనకు "ముసవ్విర్ జంగ్" అని బిరుదు ఇచ్చాడు. 1905లో ఆయన కాలం చేశాడు. ఆయన తీసిన గాజు పలకలు వేల సంఖ్యలో నేటికీ భద్రంగా వున్నాయి. 2006లో మన తపాలా శాఖ ఆయన పేర బిళ్ల కూడా వేసింది.

మనకు కావలసిన కథ ఇక్కడే వుంది. ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ఎదుట పడరు కదా, వారికి ఫోటో ఎలా? దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల పనిచేసేవారంతా ఆడవాళ్లే. దాని బాధ్యత చూసింది ఒక ఇంగ్లీషు దొరసాని. చరిత్ర పుస్తకాల్లో ఆవిడ పేరు "మిసెస్ కెన్నీ-లెవిక్" అని కనిపిస్తుంది. గమనించారా? అది ఆవిడ పెళ్లి వల్ల వచ్చిన పేరు. స్టూడియో నడిపింది ఆవిడ, కెమెరా వెనక నిలబడింది ఆవిడ, పుస్తకంలోకి ఎక్కింది మాత్రం "ఫలానావారి భార్య". మన వూళ్లలో ఓటర్ల జాబితా మొదటిసారి రాసినప్పుడు కూడా ఇదే తంతు. దేశంలో లక్షల మంది ఆడవాళ్లు తమ పేరు చెప్పక "ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని" అన్నారని, అందుకని 1952 ఎన్నికల నాటికి వారి పేర్లు జాబితా నుంచి తీసివేయవలసి వచ్చిందని మనం చదువుకున్నాం కదా.

ఇంకొక సంగతి, మా పక్క సంగతి. మాది అర్ధవీడు. నల్లమల అంచున వున్న వూరు. అడవిలో చెంచు గూడేలు వున్నాయి. వందేళ్ల నాటి ఇంగ్లీషు పుస్తకాల్లో చెంచుల ఫోటోలు చాలా వున్నాయి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు 1909లో ప్రచురించాడు. ముక్కు ఎంత పొడవు, తల ఎంత వెడల్పు అని కొలిచి, పక్కనే ఫోటో వేసేవాడు. కృష్ణకు అవతలి ఒడ్డున అమ్రాబాదు వైపు చెంచుల మధ్య 1940లో వుండి వచ్చిన హైమెన్‌డార్ఫ్ 1943లో ఒక పెద్ద గ్రంథం వేశాడు. ఆయన వారితో కలిసి తిరిగినవాడు, భార్య బెట్టీ కూడా ఆయనకు తోడుగా పనిచేసింది. అలా మనిషితో మాట్లాడి రాసినదానికీ, కొలిచి రాసినదానికీ ఎంతో తేడా వుంటుంది. పాత కాలపు ఫోటోల కింద ఎక్కువగా ఏం రాసి వుంటుంది? "చెంచు పురుషుడు", "చెంచు స్త్రీ". అంతే. ఆ తల్లికీ ఒక పేరు వుండే వుంటుంది. పిల్చేవాళ్లు వుండే వుంటారు. ఫోటో తీసినవాడి పేరు అట్ట మీద పెద్ద అక్షరాలతో, తీయించుకున్న మనిషికి జాతి పేరు తప్ప మరేమీ లేదు.

దొరల మాట ఎందుకు, మన ఇళ్లలో మాత్రం ఏం వెలగబెట్టాం? మా అత్తగారి పెట్టెలో ఒక పాత గ్రూపు ఫోటో వుంది. అయిదుగురు ఆడవాళ్లు. ఇద్దరు కుర్చీల్లో, ముగ్గురు వెనక నిలబడి. ఒకామె చేతిలో పుస్తకం కూడా వుంది, చదువు రాకపోయినా ఫోటో కోసం ఇచ్చిందట. వెనకాల ఫోటో స్టూడియో ముద్ర తప్ప ఒక్క అక్షరం లేదు. "అత్తా, వీళ్లెవరు?" అని అడిగితే ఆమె కళ్లజోడు సర్దుకుని, "ఈ కూసున్నది మా మేనత్త. ఈమె మా అమ్మ. ఇదిగో, ఈ జడ ముందుకేసుకున్నది మా చిన్నమ్మ. ఈ పక్కనున్న ఇద్దరూ ఎవురో గురుతు రావడంలేదమ్మాయ్. మా అమ్మ వుంటే చెప్పేది" అంది. అయిదుగురిలో ఇద్దరు అట్లా పోయారు. వాళ్లు చనిపోయి ఎన్నేళ్లయిందో తెలియదు కానీ, ఆ రోజు మా యింట్లో మరొకసారి చనిపోయినట్టు నాకనిపించింది. మిగిలిన మూడు పేర్లూ అప్పటికప్పుడు పెన్సిలుతో వెనకాల రాసి పెట్టాను.

ఇప్పుడు కదిలే బొమ్మల దగ్గరికి వద్దాం. పాటకు బొమ్మ ఆడడం అనేది తెల్లవాళ్లు నేర్పిన విద్య కాదు. మన తోలుబొమ్మలాట ఏమిటి? తోలును పలచగా చేసి, రంగులు వేసి, తెల్లని పంచె తెర కట్టి, వెనక దీపం పెట్టి, రామాయణ భారతాలు పాడుతూ ఆడిస్తారు. మద్దెల మోగుతుంది, తాళం పడుతుంది, ఆ తాళానికి బొమ్మ చెయ్యి ఆడుతుంది. కుటుంబమంతా కలిసి ఆడించే ఆట అది. సీత పాట, బంగారక్క మాట ఆ యింటి ఆడవాళ్ల గొంతులోంచే వస్తాయి. తెర ముందున్న జనం వాళ్ల మొహాలు చూడరు. మన మొదటి నేపథ్య గాయనులు వాళ్లేనని నేనంటే కాదనగలరా?

అటు పారిస్‌లో, హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచిన ఆ 1892లోనే, ఎమీల్ రేనో అనే ఆయన చేత్తో గీసిన బొమ్మలను పొడవాటి పట్టీ మీద అతికించి, వెలుతురుతో తెర మీద ఆడించాడు. పక్కన పియానో వాయించేవారు. సినిమా ఇంకా పుట్టలేదు అప్పటికి. పాపం, సినిమా వచ్చాక ఆయన ఆటకు గిరాకీ పోయింది. ఆ దిగులుతో తన బొమ్మల పట్టీలు చాలా వరకు తానే సీన్ నదిలో పారేశాడు.

తర్వాత 1908లో ఎమీల్ కోల్ అనే మరో ఫ్రెంచి చిత్రకారుడు సుమారు ఏడు వందల బొమ్మలు గీసి, ఒక నిమిషం పైచిలుకు నడిచే కార్టూను సినిమా తీశాడు. తెల్ల కాగితం మీద నల్ల గీతలు గీసి, దాన్ని తిరగేసి అచ్చు వేశాడు. అందువల్ల తెర మీద నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసినట్టు కనిపిస్తుంది. ఇది చదివినప్పుడు నాకు మా మార్కాపురం పలకలే గుర్తుకొచ్చాయి. మా పక్క గనుల్లో రాయి తీసి, చీల్చి, నునుపు చేసి, చట్రం కట్టి వూరూరికీ పంపిన ఆ పలకల మీద ఎన్ని తరాల పిల్లలు బలపంతో బొమ్మ గీసి, ఉమ్మితో చెరిపి, మళ్లీ గీశారో! గీయడం, చెరపడం, కొంచెం మార్చి మళ్లీ గీయడం. కార్టూను సినిమా అంటే మూలంలో అదే కదా.

ఇక పాట సినిమాలు. కోల్ పనిచేసిన ఆ గోమో కంపెనీయే అంతకు ముందు పాడే బొమ్మలను తయారు చేసింది. ముందు పాటను గ్రామఫోను రికార్డు మీద పట్టేవారు. తర్వాత ఆ రికార్డు మోగుతుంటే గాయకుడు పెదవులు కదుపుతూ నటించేవాడు, కెమెరా తిప్పేవారు. హాల్లో సినిమా యంత్రాన్నీ, గ్రామఫోనునూ కరెంటు తీగతో కలిపి ఒకేసారి నడిపేవారు. ఒక్కో పాట మూడు నాలుగు నిమిషాలు. ఈ రోజు మన సినిమా పాటల షూటింగు జరిగేదీ ఇదే పద్ధతిలో! ఈ పాట సినిమాలు వందకు పైగా తీసింది ఒక మహిళ. పేరు ఆలిస్ గీ. ఆ కంపెనీలో సెక్రటరీగా చేరి, 1896లో కథా చిత్రం తీసి, తర్వాత పాట సినిమాలు తీసింది. ప్రపంచంలో మొదటి మహిళా దర్శకురాలు. తర్వాత ఆ కంపెనీ చరిత్ర రాసుకున్నప్పుడు ఆవిడ పేరే కనపడలేదు. ముసలితనంలో తన సినిమాల కోసం తానే వెతుక్కుంటూ తిరిగింది. చాలావాటిని చూడకుండానే 1968లో కన్నుమూసింది.

ఆ గోమో యంత్రమే మన తెలుగువాడి చేతికి వచ్చిందంటే నమ్ముతారా? మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసు మౌంట్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపేవాడు. 1909లో "క్రోనోమెగాఫోన్" అనే ఈ పాడే సినిమా యంత్రం అమ్మకానికి వుందని తెలిసి, స్టూడియోను తాకట్టు పెట్టి, ముప్పయి వేల రూపాయలు పోసి కొన్నాడు. అప్పటి ముప్పయి వేలు! మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ఆడించాడు. గుడారాలు వేసుకుని వూళ్లు తిరిగాడు. బెంగుళూరు, బెజవాడ, బర్మా, సింహళం దాకా వెళ్లాడు. ఆ తర్వాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టాడు. ఆ నగరంలో భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అది. కొడుకు సూర్యప్రకాష్‌ను విదేశాలకు పంపి సినిమా విద్య చెప్పించాడు. 1921లో తండ్రీ కొడుకులు "భీష్మ ప్రతిజ్ఞ" మూకీ తీశారు. తెలుగులో మాటలొచ్చిన "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే పాడే బొమ్మను మన జనానికి చూపించినవాడు వెంకయ్య. 1941లో ఆయన పోయాడు. ఆయన పేర మన ప్రభుత్వం 1980లో అవార్డు పెట్టింది.

ఉత్తరాదిన ఫాల్కే కూడా మొదట ఫోటోగ్రాఫరే. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం వల్ల ఆయన స్టూడియో సాగలేదట. 1913లో ఆయన "రాజా హరిశ్చంద్ర" తీసినప్పుడు భార్య సరస్వతీబాయి నగలు తాకట్టు పెట్టడానికి ఇచ్చింది. పనివాళ్లందరికీ రోజూ వండి పెట్టింది. రాత్రిళ్లు చీకట్లో కూర్చుని ఫిల్ముకు బెజ్జాలు కొట్టింది, ఫిల్ము కడిగింది. తెర మీద పేరు ఆయనది. బియ్యం కడిగిన చేతులే ఫిల్మూ కడిగాయని ఎందరికి తెలుసు?

మన దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారావాలా సంగతీ అంతే. ఆవిడ తీసిన తొలి ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. అయితే ఆవిడ వూరుకోలేదు. పని చేస్తూ పోయింది. 1947 ఆగస్టులో ఎర్రకోట మీద జెండా ఎగిరిన ఘట్టాన్ని తన కెమెరాలో పట్టింది. 2011లో పద్మవిభూషణ్ అందుకుంది. పేరు ఆలస్యంగానైనా చేతికి అందింది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలన్నిటిలో వెండి ద్రావకం పాడు చెయ్యలేదు, గాజు పలక పాడు చెయ్యలేదు. బొమ్మలు నూట యాభై ఏళ్లు నిలిచాయి. నిలవనిది పేరే. ఎందుకంటే పేరును కెమెరా రాయదు, మనిషే రాయాలి. మన యింట్లో అది మనం చెయ్యగలిగిన పని. దానికి పెద్ద చదువు అక్కర్లేదు, నాలాగా పదో తరగతి చాలు.

కాబట్టి ఈ వారంలో ఒక మధ్యాహ్నం పూట పాత పెట్టె తియ్యండి. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కొక్క ఫోటో చూపించి అడగండి. ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్లు, వూరు, తెలిస్తే ఏడు, ఏ సందర్భమో రాయండి. ఆడవాళ్ల పేర్లు రాసేటప్పుడు "వెంకటయ్య భార్య" అని ఆపెయ్యకండి, ఆమె పేరు కనుక్కుని రాయండి. మెత్తని పెన్సిలుతో, అంచు దగ్గర, నొక్కకుండా రాయాలి. బాల్ పెన్ను వాడితే ముందు పక్కకు అచ్చు పడుతుంది. ఫోటోలను గోంధుతో అంటించకండి. చెమ్మ గోడకు ఆనించి వేలాడదీయకండి, నేరుగా ఎండ తగలనివ్వకండి. తడి చేత్తో ముట్టుకోకండి. మడత పెట్టిన బట్టల మధ్య కలరా వుండలతో కలిపి వుంచకుండా, శుభ్రమైన కాగితం కవర్లలో విడివిడిగా పెట్టండి.

ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు వచ్చాయి. పిల్లలు అన్నం తినాలంటే బొమ్మల పాట ఆడాలి. పెళ్లికి వెళితే వెయ్యి ఫోటోలు. వెయ్యిలో ఒక్కదానికీ పేరుండదు. ఫోను పాడైతే అన్నీ ఒక్కసారే పోతాయి. వాటిలో పది మంచివి ఏరి, కాగితం మీద వేయించి, వెనకాల రాసి పెట్టుకుంటే మీ మనవరాలు మీకు దండం పెడుతుంది.

మా అత్తగారి ఫోటోలోని ఆ ఇద్దరి కోసం నేను ఇంకా అడుగుతూనే వున్నాను. పెళ్లికి వెళ్లినా, తిరునాళ్లకు వెళ్లినా ఆ ఫోటో నా సంచీలో వుంటుంది. అమ్మా, మీ యింట్లో ఫోటోలకు మాత్రం ఆ తిరుగుడు అవసరం రానివ్వకండి. చెప్పగలిగినవాళ్లు వుండగానే అడగండి.

సెలవు.